క్యాజువాలిటీలో కొత్తగా చేరారా? ఏ షిఫ్టు అడగాలి, ఎలా అడగాలి

ఇంటర్వ్యూ అయిపోయింది అనుకునేసరికి హెచ్ఆర్ మేడమ్ ఫైలు మూస్తూ ఒక మాట అడుగుతుంది: "నైట్ డ్యూటీలు చేస్తారు కదా?" ఎదురుగా కూర్చున్నది జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అమ్మాయి అయినా, బీఎస్సీ నర్సింగ్ అబ్బాయి అయినా ఒకటే జవాబు, "చేస్తాను మేడమ్." నేనూ అదే అన్నాను. నెలకు ఎన్ని నైట్లు, వరుసగా ఎన్ని, దిగిన రోజు ఆఫ్ ఉందా, రాత్రి నాతో పాటు సీనియర్ ఎవరైనా ఉంటారా అని తిరిగి అడగాలన్న ఆలోచనే రాలేదు. ఉద్యోగం వస్తే చాలు అనుకునే రోజులవి.

పదకొండేళ్లు క్యాజువాలిటీలో, అంటే ఎమర్జెన్సీ విభాగంలో, నర్సుగా చేశాక, ఇప్పుడు డ్యూటీ లిస్టు వేసే కుర్చీలో కూర్చున్నాక, కొత్తగా వచ్చిన పిల్లలు అడిగే ప్రశ్నలు వింటుంటే నాకు ఒకటి అర్థమైంది. అందరూ గంటలే అడుగుతారు. ఆ గంటల్లో పక్కన ఎవరుంటారని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఎమర్జెన్సీలో మొదటి ఏడాది షిఫ్టు ఎంచుకోవడానికి అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. జీతం, నిద్ర, దారి అన్నీ దాని తర్వాతే. ఎందుకో, ఎలా చూసుకోవాలో వరుసగా చెబుతాను.

మొదటి పని: మీ ఆసుపత్రి పద్ధతి ఏదో కాగితం మీద లెక్కేసుకోండి

మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా ఉండేది 6–6–12 పద్ధతి. మార్నింగ్ 8 నుంచి 2, ఈవినింగ్ 2 నుంచి 8, నైట్ రాత్రి 8 నుంచి ఉదయం 8. చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ ఇదే. కొన్ని కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఎనిమిదేసి గంటల మూడు షిఫ్టులు, ఇంకొన్ని చోట్ల పన్నెండేసి గంటల రెండు షిఫ్టులు ఉంటాయి. పేరుకు అన్నీ "వారానికి 48 గంటల లోపే" అంటారు. నెల మొత్తం వేసి చూస్తే తేడా తెలుస్తుంది.

30 రోజుల నెల తీసుకోండి. 6–6–12లో 9 మార్నింగ్‌లు, 8 ఈవినింగ్‌లు, 7 నైట్లు, 4 వీక్ ఆఫ్‌లు, నైట్ల తర్వాత ఇచ్చే 2 నైట్ ఆఫ్‌లు అనుకుందాం. మొత్తం 24 డ్యూటీలు, 186 గంటలు. ఎనిమిది గంటల షిఫ్టులైతే 26 డ్యూటీలు, 208 గంటలు. పన్నెండు గంటలవైతే వారానికి నాలుగు చొప్పున సుమారు 17 డ్యూటీలు, 204 గంటలు.

ఇప్పుడు లిస్టులో కనిపించని గంటలు కలపండి. క్యాజువాలిటీలో హ్యాండోవర్, అంటే తర్వాతి షిఫ్టువాళ్లకు పేషెంట్లను అప్పగించడం, ఎప్పుడూ టైముకి అవ్వదు. మీరు దిగే వేళకే 108 వచ్చి ఆగుతుంది. రోజుకు అరగంట వేసుకున్నా 24 డ్యూటీలకు 12 గంటలు, అంటే నెలకో నైట్ ఊరికే చేసినట్టు. ఆ పైన ప్రయాణం. రానూపోనూ రెండు గంటలు పడితే 26 డ్యూటీలకు 52 గంటలు రోడ్డు మీదే పోతాయి, 17 డ్యూటీలకైతే 34. ఉప్పల్‌లో ఉంటూ గచ్చిబౌలిలో పనిచేసే అమ్మాయికి పన్నెండు గంటల షిఫ్టు ఎందుకు నచ్చుతుందో ఈ 18 గంటలు చూస్తే తెలిసిపోతుంది. హాస్టల్ ఆసుపత్రి పక్కనే ఉన్న అమ్మాయికి ఈ లెక్క అక్కర్లేదు, ఆమెకు ఆరు గంటల షిఫ్టే హాయి.

మీ లెక్క మీరే వేయండి. స్నేహితురాలికి బాగున్నది మీకు బాగుండాలని లేదు.

రెండోది: ఏ పూట క్యాజువాలిటీ ఎలా ఉంటుందో గమనించండి

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుతాను. షిఫ్టు ఎంచుకోవడం అంటే ఎలాంటి కేసులు చూడాలో ఎంచుకోవడం కూడా, ఈ సంగతి కాలేజీలో ఎవరూ చెప్పరు.

మార్నింగ్ షిఫ్టు బయటికి ప్రశాంతంగా కనిపిస్తుంది. రాత్రి వచ్చిన పేషెంట్లను ఐసీయూకో వార్డుకో పంపడం, ఇన్సూరెన్స్, ఆరోగ్యశ్రీ కాగితాలు, కన్సల్టెంట్ల రౌండ్లు, క్రాష్ కార్ట్ (ప్రాణాపాయంలో వాడే మందుల బండి) చెకింగ్, నార్కోటిక్ (మత్తుమందుల) రిజిస్టర్ లెక్క, ఆక్సిజన్ సిలిండర్లు. కొత్తవాళ్లకు ఇది గుమాస్తా పనిలా అనిపించి విసుగొస్తుంది. కానీ గుండెపోట్లు తెల్లవారుజాము దాటి మధ్యాహ్నంలోపు ఎక్కువగా వస్తాయి. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లో ఈసీజీ తీయడం చేతికి అలవాటయ్యేది ఈ పూటే. పైగా అనస్థీషియా డాక్టరు, కార్డియాలజిస్టు, ఇన్‌ఛార్జ్ సిస్టర్, ఫార్మసీ, ల్యాబ్ అందరూ బిల్డింగ్‌లోనే ఉంటారు. ఊపిరి కోసం గొంతులోకి ట్యూబ్ వేసేటప్పుడు (ఇంట్యూబేషన్) పక్కన నిలబడి చూడొచ్చు. ప్రశ్న అడిగితే చెప్పే మనిషి ఉంటారు.

ఈవినింగ్‌లో రద్దీ. ఓపీ మూతపడ్డాక జ్వరాలు, ఆయాసాలు అన్నీ మన దగ్గరికే వస్తాయి. ఆఫీసులు వదిలే వేళ నుంచి రోడ్డు ప్రమాదాలు. పల్లెల దగ్గరున్న ఆసుపత్రుల్లో పురుగుమందు తాగిన కేసులు ఏ వేళనైనా వస్తాయి గానీ, ఇంట్లో గొడవలయ్యే సాయంత్రాలు నాకు ఎక్కువ గుర్తు. అలాంటి ఒక్క కేసు నలుగురు నర్సుల పని. బట్టలు తీసి ఒళ్లు కడగాలి, అట్రోపిన్ ఇస్తూ కనుపాపలు, ఊపిరితిత్తుల చప్పుడు, నాడి చూస్తూనే ఉండాలి, ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రాయించాలి, పోలీస్ ఇంటిమేషన్ వెళ్లాలి. పేషెంట్ తాలూకు వాళ్లు పాతికమంది గుమ్మంలో ఉంటారు. ట్రయాజ్ నేర్చుకోవాలంటే ఈ ఈవినింగ్‌ను మించిన బడి లేదు. ఎవరిని ముందు చూడాలి, ఎవరు అరుస్తున్నా ఆగగలరు, ఎవరు నోరెత్తకుండానే జారిపోతున్నారు అన్నది పది మంది ఒకేసారి వస్తేనే కన్ను పట్టుకుంటుంది.

నైట్ గురించి ఒక భ్రమ ఉంది, కేసులు తక్కువ కాబట్టి తేలిక అని. కేసులు తక్కువ ఉండొచ్చు, చేతులు అంతకంటే తక్కువ. ఒక డ్యూటీ డాక్టరు, ఇద్దరో ముగ్గురో నర్సులు, ఒక ఆయా, ఒక వార్డ్ బాయ్. కన్సల్టెంట్ ఫోన్లో ఉంటారు. వచ్చే కేసులు కూడా మోసం చేసే రకం. వానాకాలంలో తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోతున్నాయని ఒకరిని తీసుకొస్తారు. కరిచిన గాటు కనిపించదు, పాము చూశామని ఎవరూ అనరు. నేల మీద పడుకున్నారా అని అడిగితేనే కట్లపాము సంగతి బయటపడుతుంది. అది రాత్రిళ్లు నిద్రలో ఉన్నవాళ్లను కరుస్తుంది, గాటు సరిగ్గా కనిపించదు, కాసేపటికి ఊపిరి అందకుండా పోతుంది. ఆ ప్రశ్న అడగాలని తట్టాలంటే మీరు చూసి ఉండాలి, లేదా చూసినవాళ్లు పక్కన ఉండాలి.

అందుకే మొదటి రెండు వారాలు చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి షిఫ్టులో ఎంతమంది నర్సులున్నారు, అందులో రెండేళ్లు దాటినవాళ్లు ఎందరు, ఎన్ని కేసులు వచ్చాయి, మీరు ఏం చేశారు, ఏం చూశారు. నాలుగు గీతలు చాలు. ఆ నోట్‌బుక్కే తర్వాత మీ తరఫున మాట్లాడుతుంది.

మూడోది: మొదటి ఆరు నెలలకు ఒక వరుస అడగండి

నేను చేసిన తప్పు చెబుతాను. చేరిన రెండో నెలలోనే పర్మనెంట్ నైట్స్ అడిగి తీసుకున్నాను. నైట్ అలవెన్స్ వస్తుంది, పగలు కోచింగ్‌కి వెళ్లొచ్చు అని లెక్క. నాలుగో రాత్రి, తెల్లవారుజామున నాలుగు దాటింది. షుగర్ పేషెంట్‌కి 10 యూనిట్ల ఇన్సులిన్ ఇమ్మన్నారు. ట్రేలో ఉన్నది మిల్లీలీటరుకు 100 యూనిట్ల వయల్, నా చేతికి వచ్చింది మిల్లీలీటరుకు 40 యూనిట్ల లెక్కన గీతలున్న సిరంజి. మన దగ్గర రెండూ వాడుకలో ఉన్నాయని, ఎర్ర మూత 40, నారింజ మూత 100 అని చదువుకున్నదాన్నే. 10 గీత దాకా లాగాను. ఇచ్చి ఉంటే 10కి బదులు 25 యూనిట్లు వెళ్లేవి. పక్క బెడ్ దగ్గరున్న సీనియర్ అక్క సిరంజి మూత రంగు చూసి, "ఆగు, ఆగు" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ రాత్రి ఆవిడ డ్యూటీలో ఉండటం నా అదృష్టం. అంతకు ముందు మూడు రాత్రులు నాతో ఉన్నది నాకంటే రెండు నెలలు సీనియర్ అయిన ఇంకో పిల్ల మాత్రమే.

కాబట్టి వరుస ఇలా అడగండి. మొదటి నెల మార్నింగ్‌లు, అందులోనూ మీకు అప్పగించిన సీనియర్ ఏ షిఫ్టులో ఉంటే అదే. ఆవిడ ఈవినింగ్‌కి మారితే మీరూ మారండి. వేళ కోసం మనిషిని వదులుకోకండి. రెండో నెల మార్నింగ్, ఈవినింగ్ సగం సగం. మూడో నెల నుంచి నైట్లు మొదలుపెట్టవచ్చు, కానీ వరుసగా రెండు మూడు మించకుండా, ఆ రాత్రుల్లో లెక్కలో మీరు అదనపు మనిషిగా ఉండేలా. అంటే ఇద్దరుండాల్సిన చోట ఇద్దరు సీనియర్లు ఉండి, మీరు మూడోవారు. నాలుగో నెల నుంచి లెక్కలోకి వస్తారు. ఆరు నెలలు నిండేసరికి అందరితో సమానంగా తిరగొచ్చు.

ప్రతిచోటా ఇది దొరకదని నాకూ తెలుసు. స్టాఫ్ లేక రెండో వారంలోనే నైట్‌లో నిలబెట్టే ఆసుపత్రులు బోలెడు. అలాంటి చోట కనీసం ఒక్కటి పట్టుబట్టండి: ఇద్దరు కొత్తవాళ్లను ఒకే నైట్‌లో వేయొద్దని. ఇది ఇన్‌ఛార్జ్‌కి ఖర్చులేని పని, లిస్టులో రెండు పేర్లు అటూ ఇటూ చేస్తే సరిపోతుంది.

మరి పర్మనెంట్ నైట్స్? ఏడాది దాటాక, పిల్లల బడి కోసమో చదువు కోసమో తెలిసి తీసుకునేవాళ్లున్నారు, బాగానే నెట్టుకొస్తున్నారు. మొదటి ఏడాది మాత్రం వద్దనే అంటాను. ఇది నా అభిప్రాయం, నాతో వాదించే సీనియర్లు ఉన్నారు. "నైట్‌లోనే ధైర్యం వస్తుంది" అంటారు వాళ్లు. ధైర్యం వస్తుంది, నిజమే. తప్పు పద్ధతులు కూడా అంతే త్వరగా వస్తాయి, దిద్దేవాళ్లు లేనప్పుడు.

నాలుగోది: లిస్టు చేతికి రాగానే మధ్య ఖాళీలు చూడండి

లిస్టు వచ్చిన వెంటనే అందరూ ఆఫ్‌లు వెతుక్కుంటారు. మీరు ముందు ఒక డ్యూటీకి, ఇంకో డ్యూటీకి మధ్య ఎన్ని గంటలున్నాయో చూడండి.

మార్నింగ్ నుంచి ఈవినింగ్‌కి, ఈవినింగ్ నుంచి నైట్‌కి ముందుకు జరగడం ఒంటికి తేలిక. మన లోపలి గడియారం 24 గంటల కంటే కాస్త ఎక్కువ నడుస్తుంది, అందుకే ఆలస్యంగా పడుకోవడం సులువు, తొందరగా పడుకోవడం కష్టం. నైట్ దిగి అదే రోజు మధ్యాహ్నం 2కి ఈవినింగ్ వేస్తే మధ్యలో ఆరు గంటలే. హ్యాండోవర్, బస్సు, స్నానం, తిండి పోగా నిద్రకు మూడు గంటలు కూడా మిగలవు. దాన్ని ఒప్పుకోకండి. ఎనిమిది గంటల షిఫ్టుల్లో ఈవినింగ్ రాత్రి 10కి దిగి, మర్నాడు ఉదయం 6కి మార్నింగ్ ఎక్కడం కూడా ఇలాంటిదే. లిస్టు చూడ్డానికి బాగుంటుంది, రెండు వేర్వేరు తేదీలు కదా! ఎక్కడైనా పదకొండు, పన్నెండు గంటల ఖాళీ ఉండేలా చూసుకోండి. బ్రిటన్‌లో పనిచేసే మనవాళ్లకు రెండు షిఫ్టుల మధ్య పదకొండు గంటల విశ్రాంతి నిబంధనల్లోనే ఉంది. మన లిస్టులో ఆ లైను మనమే గీసుకోవాలి.

నైట్ ఆఫ్ గురించి ఒక తిరకాసు. ఉదయం 8కి దిగిన రోజునే "ఆఫ్" అని రాస్తారు కొన్ని చోట్ల. ఆ రోజు మీరు అప్పటికే ఎనిమిది గంటలు పనిచేశారు, మిగిలింది నిద్రపోతారు. అది ఆఫ్ కాదు. దిగిన రోజు పోగా మర్నాడు కూడా ఖాళీగా ఉంటేనే నైట్ ఆఫ్ కింద లెక్కపెట్టుకోండి. చేరేటప్పుడే అడగాల్సిన ప్రశ్న ఇది.

ఐదోది: దారి, ఇల్లు

షిఫ్టు ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలవ్వదు. రాత్రి 8కి దిగే ఈవినింగ్‌కి, 10కి దిగే ఈవినింగ్‌కి ఆడపిల్లకు చాలా తేడా. 10కి అంటే బయటపడేసరికి పదిన్నర. మీ రూట్లో చివరి బస్సు ఎన్నింటికి, మెట్రో చివరి రైలు ఎన్నింటికి అన్నది చేరకముందే ఒకసారి ఆ వేళకు వెళ్లి చూసి రండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. డబ్బు మిగులుతుంది సరే, పదిన్నరకు ఆ బస్సు వస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. రాకపోతే రోజూ ఆటోకు అయ్యే ఖర్చును జీతంలోంచి తీసేసి చూడండి.

ఆసుపత్రి క్యాబ్ ఉందంటే, ఇంటి గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీద దింపేస్తుందా అని అడగండి. యాజమాన్యం పెట్టిన బండి కూడా 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద పనిచేసే చోటే అవుతుంది. బండిలో జరిగినదానికి "బయట జరిగింది, మాకేం సంబంధం" అనడానికి వీల్లేదు. అత్యవసర నంబరు 112 ఫోన్‌లో పైనే ఉంచుకోండి.

ఇంట్లోవాళ్లతో మాటలు కూడా షిఫ్టు ఎంపికలో భాగమే. నైట్ దిగి పడుకున్న కోడలిని పదకొండు గంటలకు "లేమ్మా, కూర ఏం వండను?" అని అత్తగారు ప్రేమగానే లేపుతారు. పెళ్లికాని పిల్లలకు హాస్టల్లో పగటి చప్పుడు. పగలు నిద్రకు చీకటి గది, ఆపిన ఫోన్, తలుపు మీద ఒక కాగితం ఉండే అవకాశం లేకపోతే, వరుసగా మూడు నైట్ల కంటే రెండు, రెండు విడగొట్టి తీసుకోవడం మేలు.

గర్భంతో ఉంటే ముందుగానే చెప్పండి, దాచి నైట్లు చేయకండి. గర్భిణి కోరితే ప్రసవానికి ముందు దాదాపు పది వారాల పాటు శ్రమ ఎక్కువైన పని, గంటల తరబడి నిలబడే పని అప్పగించకూడదని 1961 నాటి మెటర్నిటీ బెనిఫిట్ చట్టం చెప్పింది, 2025 నవంబరులో దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా అదే చెబుతోంది. కోరితే అని ఉంది కాబట్టి, కాగితం మీద కోరండి. ఫిట్స్ వ్యాధి, మైగ్రేన్, షుగర్, థైరాయిడ్ మందులు వాడుతున్నవాళ్లు చేరేటప్పుడే మెడికల్‌లో రాయించి, నైట్ల గురించి డాక్టరు సలహా కాగితం తీసుకోండి.

ఆరోది: అడగడం

లిస్టు మీ ఆసుపత్రిలో ఎప్పుడు రాస్తారో కనుక్కోండి. నెల చివరి వారంలో వేసే చోట 20వ తేదీ లోపు అడగాలి. లిస్టు గోడకు అతికించాక అడిగితే అది రిక్వెస్టు కాదు, ఇన్‌ఛార్జ్‌కి తలనొప్పి. అడగాల్సింది ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని. ఆవిణ్ని దాటి నేరుగా నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్తే పని అవుతుంది కానీ, ఆ తర్వాత ఏడాదంతా దాని ఫలితం అనుభవిస్తారు.

రద్దీలో అడగకండి. మార్నింగ్ హ్యాండోవర్ అయ్యి, రౌండ్లకు ముందు ఆవిడ టీ తాగే పది నిమిషాలు ఉంటాయి. మాట ఇలా ఉంటే బాగుంటుంది:

"మేడమ్, వచ్చే నెల లిస్టు గురించి ఒక్క నిమిషం. నాకు ఇంకా ఇంట్యూబేషన్‌కి అసిస్ట్ చేయడం, ట్రయాజ్ చేతికి రాలేదు. ఈ రెండు వారాల్లో నేను చూసినవి రాసుకున్నాను. వచ్చే నెల ఈవినింగ్‌లు ఎక్కువ వేసి, నైట్లు రెండు రెండుగా సీనియర్ సిస్టర్‌తో వేస్తారా? దానికి బదులు ఆదివారాలు రెండు నేను చేస్తాను."

ఇందులో మూడున్నాయి: ఎందుకు కావాలో, సరిగ్గా ఏం కావాలో, బదులుగా మీరేం ఇస్తారో. "నాకు నైట్ పడదు మేడమ్" అంటే ఎవరికీ పడదు. పని నేర్చుకోవడానికి అడిగిన షిఫ్టు కాదనడానికి ఇన్‌ఛార్జ్‌కి కూడా మనసు రాదు. రేపు మీరు తప్పు చేస్తే సంతకం పెట్టాల్సింది ఆవిడే. ఈ మాట లిస్టు వేసే మనిషిగా చెబుతున్నాను. ఒప్పుకున్నాక వాట్సాప్‌లో రెండు లైన్లు పంపి ఉంచండి, మర్చిపోవడం అందరికీ సహజం.

నైట్లు పడ్డాక

మొదటి నైట్ రోజు పొద్దున 7కి లేచి, మధ్యాహ్నం కునుకు తీయకుండా రాత్రి 8కి డ్యూటీ ఎక్కారనుకోండి. అర్ధరాత్రి 12కే మీరు మెలకువగా ఉండి 17 గంటలు. ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో చూపించిన సంగతి ఒకటి ఉంది: 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడితో సమానం. మన దేశంలో డ్రైవర్లకు చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. బండి నడపనివ్వని స్థితిలో మనం పొటాషియం ఆంపుల్ పగలగొడుతుంటాం.

కాబట్టి మొదటి నైట్‌కి ముందు మధ్యాహ్నం గంటన్నర, రెండు గంటలు పడుకోవడం డ్యూటీలో భాగం అనుకోండి. టీ, కాఫీ రాత్రి రెండు లోపే ఆపేయండి, ఆ తర్వాత తాగింది పొద్దున నిద్రను తినేస్తుంది. మూడు నుంచి ఐదు మధ్య ఒంటి వేడి తగ్గుతుంది, కళ్లు తెరిచి ఉన్నా బుర్ర పడుకుంటుంది. ఆ వేళలో ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం, పిల్లల డోసులు ఇంకొకరికి చూపించకుండా ఇవ్వకండి. డాక్టరు నిద్రలో ఉన్నారని మొహమాటపడి ఫోన్ చేయకపోవడం అన్నది కొత్తవాళ్లు చేసే ఇంకో తప్పు. లేపండి, తిట్టినా పర్లేదు.

పక్కవాళ్లతో మాట్లాడుకుని ఒకరి తర్వాత ఒకరు ఇరవై నిమిషాలు కునుకు తీసే వీలుంటే తీయండి. గంట పడుకుంటే లేచాక మత్తు వదలదు. ఉదయం స్కూటీ తాళం తీసే ముందు మొహం కడుక్కోండి, కళ్లు మూతపడుతుంటే బండి అక్కడే వదిలి బస్సెక్కండి.

గొడవల సంగతి. రాత్రిళ్లు తాగివచ్చిన వాళ్లు, చనిపోయిన మనిషి తాలూకు వాళ్లు మీద మీదకి వస్తారు. ఆసుపత్రి సిబ్బంది మీద దాడికి మూడేళ్ల దాకా జైలు అని 2008లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. చట్టం సంగతి తర్వాత, ఆ క్షణంలో సెక్యూరిటీ ఎంత దూరంలో ఉన్నాడన్నదే లెక్క. నైట్ ఒప్పుకునే ముందు క్యాజువాలిటీ గుమ్మం దగ్గర రాత్రి గార్డు ఉంటాడో లేదో, డ్యూటీ రూమ్ తలుపుకు లోపలి గడియ ఉందో లేదో కళ్లతో చూడండి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న వైద్యురాలిపై జరిగిన హత్యాచారం తర్వాత ఈ ప్రశ్న అడిగితే ఎవరూ వింతగా చూడరు.

డబ్బు, డబుల్ డ్యూటీలు

నైట్ అలవెన్స్ ఎంతో, ఏ నెల జీతంలో కలుస్తుందో ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. నోటిమాట మీద ఉంటే మొదటి నెలే మాయమవుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇచ్చేయకండి, చూపించి తెచ్చుకోండి. సుప్రీంకోర్టు 2016 జనవరి ఆదేశం తర్వాత కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులకు ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలని, 50 పడకల లోపు చోట కూడా నెలకు 20,000 తగ్గకూడదని, పని గంటలు, సెలవులు ప్రభుత్వంలో లాగే ఉండాలని సిఫార్సు చేసింది. చాలా చోట్ల అది కాగితం దాటలేదు. అయినా బేరం ఆడేటప్పుడు ఆ అంకె తెలిసి ఉండటం మంచిది.

ఈవినింగ్ చేస్తుండగా రిలీవర్ రాలేదని నైట్ కూడా ఉండమంటారు. మధ్యాహ్నం 2 నుంచి మర్నాడు 8 దాకా 18 గంటలు. ఎప్పుడో ఒకసారి తప్పదు, పేషెంట్‌ని వదిలి వెళ్లలేం. అలాంటప్పుడు నైట్ సూపర్‌వైజర్‌కి చెప్పి రిజిస్టర్‌లో టైము రాయించి, కాంప్ ఆఫ్ (బదులుగా ఇచ్చే సెలవు) తేదీ అప్పుడే అడగండి. నెలలో రెండోసారి జరిగితే అది మీ మంచితనం కాదు, వాళ్ల అలవాటు.

మార్పిడులు, పండగలు

తోటివాళ్లతో డ్యూటీ మార్చుకునేటప్పుడు ఇద్దరి సంతకాలతో ఇన్‌ఛార్జ్‌కి చీటీ ఇవ్వాలి. ఫోన్లో మాట్లాడుకుని వదిలేస్తే, రాని రోజు ఆబ్సెంట్ మీ పేరు మీదే పడుతుంది. సీనియర్‌తో మార్చుకుని ఆ రాత్రి ముగ్గురూ కొత్తవాళ్లే మిగిలే పరిస్థితి రాకుండా చూడండి.

ఇక పండగలు. క్యాజువాలిటీకి పండగలకో క్యాలెండర్ ఉంటుంది. దీపావళి రాత్రి కాలిన చేతులు, కళ్లు. సంక్రాంతికి హైదరాబాద్‌లో మేడ మీద నుంచి పడ్డ పిల్లలు, మాంజా తెగిన మెడలు, గోదావరి జిల్లాల్లో కోడికత్తి గాయాలు. డిసెంబరు 31 రాత్రి రోడ్డు ప్రమాదాలు. మే నెల మధ్యాహ్నాలు వడదెబ్బ. మొదటి ఏడాది వీటిలో ఒకటి రెండు సీనియర్లతో కలిసి తప్పకుండా చేయండి, పుస్తకంలో చదివినదంతా ఒకే రాత్రి కళ్ల ముందుకు వస్తుంది. దీపావళి నైట్ నేను చేస్తానని సెప్టెంబరులోనే ఇన్‌ఛార్జ్ చెవిన వేసి, సంక్రాంతికి ఊరెళ్లడానికి మూడు రోజులు అప్పుడే అడిగేయండి. భోగి ముందు రోజు రైలు టికెట్ దొరకాలంటే ఎలాగూ రెండు నెలల ముందే బుక్ చేయాలి.